రెండు సెంట్లు, పిడికెడు బియ్యం, కనిష్ట నాణెం: చర్చి స్త్రీల కానుకలు – కోలారు నేర్చుకోవలసిన లెక్క

కోలారు టౌనులో ఈ.టి.సి.ఎం. ఆసుపత్రి తెలియని తెలుగు కుటుంబం ఉండదు. మన పెద్దవాళ్ళు దాన్ని ఉత్త ‘మిషన్ ఆసుపత్రి’ అనేవారు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట వైపు పల్లెల్లో ఏ ముసలమ్మను అడిగినా, ఇంట్లో ఎవరో ఒకరి కాన్పు అక్కడే జరిగిందని చెబుతుంది. అయితే ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాల వెనుక ఉన్న పేరు ఎవరిది, ఆ కట్టడానికి డబ్బు ఎక్కడిది అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు తక్కువ. ఆ డబ్బు ఏ రాజుగారిదీ కాదు, ఏ కంపెనీదీ కాదు. వారానికి రెండు సెంట్లు చొప్పున ఆడవాళ్ళు కూడబెట్టిన డబ్బు.

మన సంఘంలో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు అందరూ ఉన్నారు. ఈ వ్యాసం ఒక మతం గొప్ప చెప్పడానికి రాయడం లేదు. ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర ఊరికి ఆసుపత్రి ఎలా అయింది, అదే చిల్లర కొన్నిచోట్ల ఎందుకు గోడకు సున్నంగా మిగిలిపోయింది అన్నది అందరికీ పనికొచ్చే లెక్క. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పద్దులు రాసిన చెయ్యి కాబట్టి, దాన్ని పద్దు లాగానే మీ ముందు పెడుతున్నాం.

ధాత కరువులో మొదలు

1876–78 మధ్య మైసూరు సంస్థానాన్ని, మద్రాసు రాజధానిని పెద్ద కరువు పట్టింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మనవాళ్ళు ‘ధాత కరువు’ అన్నారు. అప్పుడు ఇంగ్లండు నుంచి వచ్చిన మిస్ ఆన్‌స్టీ అనే ఆవిడ కోలారులో దిక్కులేని పిల్లల కోసం అనాథాశ్రమం పెట్టారు. తల్లీతండ్రీ పోయిన పిల్లలను చేరదీసి, చదువు, చేతిపని నేర్పించారు. ఆ తర్వాత, 1890లో, ఆ పనిని అమెరికన్ మెథడిస్టు మిషన్‌కు అప్పగించారు. కోలారులో మెథడిస్టుల బడులు, ఆసుపత్రి పెరగడానికి దారి అక్కడ పడింది.

అదే కాలంలో పక్కనే మరో కథ నడుస్తోంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో పని చేపట్టింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు వైపు నుంచి కూలీలు బారులుగా వచ్చారు. వారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. గనిలో దిగినవాళ్ళు కొందరు, గని ఊళ్ళను ఊడ్చి శుభ్రం చేసినవాళ్ళు కొందరు. ఈ రెండోవాళ్ళ మాట ముందు ముందు వస్తుంది.

వారానికి రెండు సెంట్లు

1869 మార్చిలో అమెరికాలోని బోస్టన్ నగరంలో మెథడిస్టు స్త్రీలు ఒక సమావేశం పెట్టుకున్నారు. ఆ రోజు గాలివాన. వచ్చినవాళ్ళు పదిమందికి లోపే. ఇండియాలో పరదా వెనుక ఉన్న స్త్రీలకు మగ వైద్యులు చెయ్యి పట్టి నాడి చూడలేరు, మగ పంతుళ్ళు చదువు చెప్పలేరు, అందుకు ఆడవాళ్ళే వెళ్ళాలి అన్నది వాళ్ళ ఆలోచన. ఆ పదిమంది లోపే ‘విమెన్స్ ఫారిన్ మిషనరీ సొసైటీ’ని పెట్టారు.

చందా ఏడాదికి ఒక డాలరు. అంటే వారానికి సుమారు రెండు సెంట్లు. ‘వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన’ అన్నది ఆ సమాజానికి నినాదం అయింది. పొలం పని చేసుకునే ఇల్లాలు కూడా గుడ్లు అమ్మిన డబ్బులోంచి ఇవ్వగలిగినంత మొత్తం అది.

ఇక్కడ గుమాస్తాగా మమ్మల్ని ఆకట్టుకున్న విషయం ఒకటుంది. అప్పటికే ఉన్న మగవారి మిషన్ బోర్డు, మీరు డబ్బు పోగుచేయండి, ఖర్చు సంగతి మేం చూసుకుంటాం అన్నట్టుగా మాట్లాడింది. ఆ స్త్రీలు ఒప్పుకోలేదు. మా డబ్బుకు మా ఖజానాదారు, మా నిర్ణయం అన్నారు. అందుకు బదులుగా, సాధారణ ఆరాధన కూటాల్లో చందా పట్టకూడదన్న షరతుకు తలవంచారు. పెద్ద దాతల దగ్గరకు వెళ్ళే దారి మూసుకుపోయింది కాబట్టి, చిన్న చందాలనే వేలమంది దగ్గర పోగుచేయవలసి వచ్చింది. చివరకు అదే వాళ్ళకు బలమైంది.

ఆ ఏడాదే ఇద్దరిని ఇండియాకు పంపారు. ఒకరు ఇసబెల్లా థోబర్న్, ఇంకొకరు డాక్టర్ క్లారా స్వెయిన్. 1870 జనవరిలో వాళ్ళు బొంబాయిలో దిగారు. థోబర్న్ లక్నోలో ఆరుగురు ఆడపిల్లలతో బడి మొదలుపెట్టారు. అదే ఇప్పటి ఇసబెల్లా థోబర్న్ కాలేజీ. స్వెయిన్ బరేలీలో వైద్యం మొదలుపెట్టారు. రాంపూరు నవాబు భూమి ఇవ్వగా, అక్కడి స్త్రీల ఆసుపత్రి 1874లో తెరుచుకుంది. ఒక ముస్లిం నవాబు భూమి, అమెరికా ఇల్లాళ్ళ చిల్లర, రోగులు అన్ని మతాలవాళ్ళు.

కోలారు ఆసుపత్రి పేరు వెనుక

ఇసబెల్లాకు ఎలెన్ అని ఒక అక్క. ఒహాయో రాష్ట్రానికి చెందిన కోవెన్ అనే పెద్దమనిషిని పెళ్ళాడి ఎలెన్ థోబర్న్ కోవెన్ అయ్యారు. ఆమె స్వయంగా ఇండియాలో పనిచేయలేదు. సొసైటీ సిన్సినాటి శాఖకు కార్యదర్శిగా చాలా ఏళ్ళు ఉత్తరాలు రాశారు, చందాలు వసూలు చేయించారు, లెక్కలు చూశారు. ఆమె జ్ఞాపకార్థం కోలారులో కట్టినదే ఎలెన్ థోబర్న్ కోవెన్ మెమోరియల్ ఆసుపత్రి. అది 1910 నాటిది. ఊరికి పెద్ద ఆసుపత్రిగా నిలిచి, నర్సు చదువులకూ చోటిచ్చింది.

ఆసుపత్రులకు సాధారణంగా డాక్టరు పేరో, దాత పేరో పెడతారు. మన కోలారులో మాత్రం ఒక సంఘ కార్యదర్శి పేరు ఉంది. రసీదు పుస్తకం పట్టుకుని తిరిగిన మనిషికి దక్కిన గౌరవం అది. మా వంటివాళ్ళకు ఇంతకంటే ఊరట కలిగించే విషయం వేరే లేదు!

ఈ పద్ధతి మెథడిస్టులకే పరిమితం కాలేదు. తెలుగునాట గుంటూరులో లూథరన్ స్త్రీల సమాజం పంపిన డాక్టర్ అన్నా కూగ్లర్ 1883లో వచ్చారు. ఆవిడ ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఆవిడ వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజావారు ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. మన కె.జి.ఎఫ్. వాళ్ళు జబ్బు ముదిరితే రైలెక్కే వేలూరు సంగతీ అంతే. అక్కడ 1918లో డాక్టర్ ఐడా స్కడర్ ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. దాన్ని నిలబెట్టడానికి, వేలూరుతో కలిపి ఆసియాలోని ఏడు స్త్రీల కాలేజీల కోసం, 1920ల మొదట్లో అమెరికా చర్చి స్త్రీలు పెద్ద ఎత్తున నిధి పోగుచేశారు. మీరు ఇరవై లక్షల డాలర్లు తెస్తే మేం పది లక్షలు కలుపుతాం అని రాక్‌ఫెల్లర్ నిధివారు మాటిచ్చారు. 1923కల్లా స్త్రీలు తమ వాటా పూర్తి చేశారు. ఆ ఉద్యమం నడిపిన లూసీ పీబాడీ అంతకు ముందు, 1880లలో, మద్రాసులో తెలుగువాళ్ళ మధ్య పనిచేసి వెళ్ళిన మనిషి.

పిడికెడు బియ్యం

అమెరికా వాళ్ళ దగ్గర డాలర్లున్నాయి, మన దగ్గర ఏముంది అనుకోవద్దు. దోర్నకల్ అధ్యక్ష మండలంలో బిషప్ అజరయ్య కాలంలో, అంటే 1912 నుంచి, సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలి కుటుంబాలవారే. చేతిలో రొక్కం ఆడేది కాదు. అక్కడి స్త్రీలు అన్నానికి ఎసరు పెట్టే ముందు పిడికెడు గింజలు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ గింజలు గుడికి తెచ్చేవారు. కోడిపెట్ట, గుడ్లు, కూరగాయలు కూడా కానుకలే. పేదవాడికి ఇచ్చే హక్కు కూడా ఉంది అన్నది అజరయ్యగారి బోధ. క్రైస్తవ దానం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు.

ఈ పిడికెడు గింజల పద్ధతి ఒక మతానిదే కాదు. కంచి పరమాచార్యులవారు ‘పిడి బియ్యం’ పథకం నడిపించారు. వినోబా భావే ‘సర్వోదయ పాత్ర’ పెట్టి, ఇంట్లో చిన్నపిల్లవాడి చేత రోజూ గుప్పెడు గింజలు వేయించమన్నారు. మన కోలారు వైపు సంగటి తినే ఇళ్ళలో అది రాగిపిండి అవుతుంది.

లెక్క వేసి చూడండి. ఒక ఇంట్లో వారానికి అరకిలో మిగిలితే ఏడాదికి 26 కిలోలు. నలభై ఇళ్ళున్న వీధిలో టన్ను దాటుతుంది.

కనిష్ట నాణెం

ఇప్పటి చర్చి స్త్రీల సామాజిక న్యాయ కానుకల్లో ప్రపంచమంతా తెలిసినది ‘ఫెలోషిప్ ఆఫ్ ది లీస్ట్ కాయిన్’. తెలుగులో కనిష్ట నాణెం అనుకోవచ్చు. ఇది మన దేశపు స్త్రీ ఆలోచన. 1956లో శాంతి సాలొమన్ అనే ఆవిడ, వేరువేరు దేశాల క్రైస్తవ స్త్రీల బృందంతో కలిసి ఆసియా దేశాల యాత్రకు వెళ్ళారు. కొరియా యుద్ధం గాయాలు ఇంకా ఆరలేదు. భారతీయురాలైన ఆమెకు కొరియా వెళ్ళడానికి వీసా రాలేదు. మిగతావాళ్ళు వెళ్ళారు, ఆమె మనీలాలో ఉండిపోయారు. దేశాల మధ్య గోడలను ప్రార్థన దాటుతుంది కదా, దానికి గుర్తుగా ఒక చిన్న నాణెం కూడా దాటాలి అన్న ఆలోచన ఆ ఎదురుచూపుల్లో పుట్టింది. 1958లో హాంకాంగ్‌లో కూడిన ఆసియా చర్చి స్త్రీల సదస్సు దాన్ని చేపట్టింది.

పద్ధతి సులువు. ప్రార్థన చేసినప్పుడల్లా తమ దేశపు అతి చిన్న నాణెం ఒకటి పక్కన పెట్టాలి. డబ్బున్నామె కూడా అదే నాణెం, కూలికి పోయే ఆమె కూడా అదే నాణెం. ఎక్కువ ఇచ్చినామెకు పెద్దపీట ఉండదు. పోగైన మొత్తం స్థానిక స్త్రీల సంఘం నుంచి జాతీయ స్థాయికి, అక్కడి నుంచి అంతర్జాతీయ సమితికి చేరుతుంది. ఆ సమితి దాన్ని వివిధ దేశాల్లో స్త్రీలు, పిల్లలు, శాంతి, న్యాయం కోసం జరిగే పనులకు పంచుతుంది.

మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అప్పట్లో కనిష్ట నాణెం అంటే ఒక నయాపైసా. 2011 జూన్ 30 నుంచి పావలా, అంతకు తక్కువ నాణేలు చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయిని అంగట్లో ఎవరూ తీసుకోరు. కాబట్టి ఇప్పుడు మన కనిష్ట నాణెం రూపాయి. రోజుకు ఒకటి వేసినా ఏడాదికి 365 రూపాయలు.

మార్చి మొదటి శుక్రవారం జరిగే ప్రపంచ ప్రార్థన దినం కూడా ఇలాంటిదే. 1927 నుంచి అది ప్రపంచవ్యాప్తంగా జరుగుతోంది. ఆ రోజు స్త్రీలు పట్టే కానుక ఇటువంటి పనులకే పోతుంది.

దానం ఎక్కడ ఆగుతుంది, న్యాయం ఎక్కడ మొదలవుతుంది

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. గని ఊళ్ళలో లైన్ ఇళ్ళకు పొడి పాయిఖానాలు ఉండేవి. వాటిని రోజూ చేత్తో ఎత్తినవారిలో తెలుగు దళిత కుటుంబాలు ఉన్నాయి. అటువంటి కుటుంబంలోనే 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు. తండ్రి, అన్న కూడా గని టౌన్‌షిప్‌లో ఆ పని చేసినవాళ్ళే. 1980ల నుంచి ఆయన ఆ పనికి వ్యతిరేకంగా ఉత్తరాలు రాయడం, ఫోటోలు తీయించి పత్రికలకు ఇవ్వడం మొదలుపెట్టారు. కొత్త బుట్ట ఇవ్వండి, సబ్బు ఇవ్వండి అని ఆయన అడగలేదు. ఆ పాయిఖానాలను పడగొట్టమన్నారు. 1993లో చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కె.జి.ఎఫ్.లో మొదలైన పోరాటం సఫాయి కర్మచారి ఆందోళన్‌గా దేశమంతా పాకింది. దేశంలో పొడి పాయిఖానాలు ఎత్తేవారిలో ఎక్కువమంది స్త్రీలే. వాళ్ళే తమ బుట్టలను బహిరంగంగా తగలబెట్టారు. 2016లో విల్సన్‌గారికి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో, గుంటల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

దీనికీ స్త్రీల కానుకలకూ సంబంధం ఏమిటంటారా? ఏటా క్రిస్మస్‌కు పారిశుద్ధ్య కార్మికురాలికి ఒక చీర ఇవ్వడం దానం. ఆ చీర అందుకోవడం ఆమెకు సంతోషమే, కాదనం. కాని మరుసటి ఏడాది కూడా ఆమె అదే చోట, అదే చీపురుతో ఉంటుంది. ఆమె కూతురి ఫీజు కట్టడం, పరిహారం అర్జీ రాసిపెట్టడం, కోర్టుకు పోవడానికి రైలు ఛార్జీ ఇవ్వడం, చేతి తొడుగులు ఇవ్వని కాంట్రాక్టరు మీద ఫిర్యాదు చేసేటప్పుడు ఆమె పక్కన నిలబడడం, ఇవి న్యాయం వైపు అడుగులు. ఖర్చు రెండింటికీ ఇంచుమించు ఒకటే. 1910లో కోలారులో ఆ స్త్రీలు కూడా రోగులకు పండ్లు పంచి ఊరుకోలేదు, ఆసుపత్రి కట్టి నర్సులను తయారు చేశారు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన ఊరి అవసరాలు ఇంకా పెరిగాయి. తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్ళి, రాత్రికి ఇల్లు చేరే ఆడవాళ్ళు ఎందరో మీకు తెలుసు. గనిధూళి ఊపిరితిత్తుల్లో పెట్టుకుని దగ్గుతూ పోయిన మగవాళ్ళ ఇళ్ళు అవి. వాళ్ళు కూడా ఆదివారం కానుక సంచిలో నాణెం వేస్తారు. ఆ నాణేన్ని వృథా చేసే హక్కు ఎవరికీ లేదు.

లెక్క ఎవరి చేతిలో?

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో స్త్రీలు రెండేళ్ళు పిడికెడు బియ్యం అమ్మి డబ్బు కూడబెట్టారు. విధవరాళ్ళకు కుట్టు మిషన్లు కొనాలని వాళ్ళ ఉద్దేశం. పద్దు పుస్తకం మాత్రం పెద్దల కమిటీ దగ్గర ఉంది. ఒకనాడు చూస్తే డబ్బు ప్రహరీ గోడకు ఖర్చయింది. దొంగతనం ఏమీ జరగలేదు. ప్రతి రసీదూ సరిగ్గానే ఉంది, ఆ రసీదులు మేం చూశాం కూడా. అయినా ఆ స్త్రీలలో ఒకామె ‘గోడ బాగానే ఉందన్నా, మేం అడిగింది గోడ కాదు కదా’ అంది. ఆ మాటకు మా దగ్గర సమాధానం లేకపోయింది.

1869లో బోస్టన్ స్త్రీలు పట్టుబట్టింది సరిగ్గా దీని మీదే. తెలుగు సంఘాల్లోనూ స్త్రీల చోటు మెల్లగా మారింది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలితగారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఆవిడే. అయితే బిషప్ గద్దె దాకా వెళ్ళిన మార్పు, కొన్ని వీధి సంఘాల పద్దు పుస్తకం దాకా ఇంకా రాలేదు.

కాబట్టి స్త్రీల మైత్రి, స్త్రీల సమాజం, ఉగాది మహిళా సంఘం, ఏ పేరైనా సరే, మన ఆడపడుచులకు గుమాస్తాగా మేం చెప్పే నాలుగు మాటలు:

1. కానుక పెట్టెను ఇద్దరి ఎదుట తెరిచి, అక్కడే లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి. బియ్యం అయితే తూకం రాయాలి.

2. బ్యాంకు ఖాతా స్త్రీల సంఘం పేరున ఉండాలి. చెక్కు మీద ఇద్దరు స్త్రీల సంతకాలు ఉండాలి. సంఘం రిజిస్టరు కాకపోతే కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 కింద చేయించుకోవచ్చు.

3. ఏడాది మొదట్లోనే మూడు పద్దులు విడదీయాలి. ఆపదకు ఒకటి, చదువుకు ఒకటి, న్యాయానికి ఒకటి. మూడో పద్దు చిన్నదైనా సరే, సున్నా కాకూడదు. గోడలకు, మైకులకు వేరే చందా పట్టుకోవచ్చు.

4. విదేశాల్లోని బంధువులు ఏదైనా సంస్థకు పంపదలిస్తే తొందరపడకూడదు. విదేశీ పౌరుల దగ్గర నుంచి విరాళం తీసుకోవడానికి 2010 చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థ పేరున ఉన్న ఖాతాకే రావాలి. ఇక్కడివాళ్ళు పన్ను రాయితీ కోరితే, 2,000 రూపాయలు మించిన విరాళం నగదుగా ఇవ్వకూడదు.

సంవత్సరం చివర లెక్క చదివి వినిపించాలి. చదువు రానామెకు కూడా అర్థమయ్యేలా, ఇన్ని రూపాయలు వచ్చాయి, ఫలానా పిల్ల కాలేజీలో చేరింది, ఫలానా అర్జీ ఇంతవరకు వచ్చింది అని చెప్పాలి. నాణెం వేసినామెకు అది ఎక్కడికి వెళ్ళిందో తెలిస్తే మరుసటి వారం ఇంకోటి వేస్తుంది. పద్దు రాయడం రాకపోతే మన సంఘం తరఫున మేం వచ్చి నేర్పుతాం. పుస్తకం, పెన్ను మేమే తెస్తాం. సంతకాలు మాత్రం మీవే.